ఒక్కపొద్దును, గిన్నెడు చారును

ఇంట మనిషి పోయిన దినమున ఆ ఇంటి పొయ్యి రాజదు. బంధువులో, ఇరుగుపొరుగువారో వండి తెచ్చినదే ఆ పూటకు ఆధారము. కర్మ చేయువాడు ఆ దినములు గడచువరకు పగలొక్కమారే భుజించును. కొన్ని కుటుంబములలో అన్నాళ్లును తాలింపు సైతము వేయరు. నా చిన్ననాట మా ఇంట అట్టి దినములు వచ్చినపుడు, అన్నము గొంతు దిగని పెద్దవారి చేతికి మా మేనత్త పలుచని పెసరకట్టు గిన్నె అందించి, “మెతుకు వద్దులే, ఇదొక్కటి త్రాగు నాయనా” అని పక్కనే కూర్చుండి త్రాగించుట ఇప్పటికిని నాకు కన్నులకు కట్టినట్లున్నది. మనస్సు కుంగిన వేళ కడుపును తేలికపరచవలెననియు, కాని ఎండగట్టరాదనియు ఆమెకు ఎవరు చెప్పిరో నేనెరుగను. ఆ ఎరుక ఏ దారిని వంటయింటికి వచ్చినదో విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నేడు పదునారు గంటలు ఏమియు తినక, తక్కిన ఎనిమిది గంటలలోనే భోజనము ముగించుకొను నియమమును ‘ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్’ అను పేర మనవారు క్రొత్త విద్యవలె నేర్చుకొనుచున్నారు. ఆ విద్యకు తెలుగున ఎంతో కాలముగా ‘ఒక్కపొద్దు’ అనియు, ‘ఒంటిపూట’ అనియు పేళ్లున్నవి. ధర్మశాస్త్రకారులు దానినే మరింత సూక్ష్మముగా విభజించి, పగటి వేళ ఒక్కమారు భుజించుటను ఏకభుక్తమనియు, పగలంతయు ఉపవసించి రాత్రి భుజించుటను నక్తమనియు, ఎవరిని అడుగక తానై లభించినది తినుటను అయాచితమనియు, ఏమియు తినకుండుటను ఉపవాసమనియు పేర్కొనిరి. కార్తిక సోమవారమున నక్షత్రములు కనబడువరకు వేచియుండి అన్నము ముట్టు గృహిణి ఆచరించునది నక్తము. శనివారపు రాత్రి అన్నము మాని ఉప్పుడుపిండితో సరిపెట్టుకొను వృద్ధుడు ఆచరించునది ఏకభుక్తమునకు దగ్గరి చుట్టము. మన పల్లెలలో ముసల్మానుల రంజాను ఉపవాసములను సైతము ‘ఒక్కపొద్దులు’ అనియే చెప్పుకొందురు. ఒక్క మాట రెండు మతముల వ్రతములకు చాలినదనగా, ఆ అలవాటు ఈ నేలలో ఎంత లోతుగా పాతుకొనినదో తెలియుచున్నది.

వ్రతము ఒక దారి, వైద్యము మరియొక దారి. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదిరెండవ అధ్యాయము లంఘనమును గురించినది. శరీరమునకు లాఘవము, అనగా తేలికదనము, కలిగించునదెల్ల అందు లంఘనమే. వమన విరేచనాది శోధనములు నాలుగు, దప్పికను ఓర్చుట, గాలి, ఎండ, పాచనము, ఉపవాసము, వ్యాయామము అని పది విధములు చెప్పబడినవి. ఆ పదింటిలో ఉపవాసము ఒక్కటి మాత్రమే యనుట గమనింపదగినది. జనవ్యవహారమునకు వచ్చునప్పటికి లంఘనము ‘లంఖణము’గా మారి, దాని అర్థము పస్తునకు కుదించుకొనిపోయి, లంఖణము పరమౌషధమను లోకోక్తిగా నిలిచినది. సన్నిపాత జ్వరము తగిలిన రోగిని వారముల తరబడి లంఖణములలో ఉంచుట మన తాతల కాలమున సర్వసాధారణము. ఆ జ్వరములలో పెక్కింటికి టైఫాయిడని పేరిడిన పాశ్చాత్య వైద్యమునకు కూడ 1948లో క్లోరాంఫెనికాల్ వాడుకలోనికి వచ్చువరకు సరియైన మందు లేకపోయినది. ఆ సుదీర్ఘ లంఖణములు కొందరిని బ్రతికింపగా కొందరిని క్షీణింపజేసినవని ఒప్పుకొనక తప్పదు. తప్పు శాస్త్రముది కాదు. శాస్త్రము చెప్పిన మినహాయింపులను మరచినవారిది. ఆ మినహాయింపులలో ముఖ్యమైనదానిని తరువాత ప్రస్తావింతును.

లంఘనము కంటె లంఘనానంతరము అన్నములోనికి తిరిగి వచ్చు క్రమమును గురించి మన ప్రాచీనులు ఎక్కువ శ్రద్ధ వహించినట్లు నాకు తోచును. చరకుడు సిద్ధిస్థానమున సంసర్జనక్రమమను పేర ఒక నిచ్చెన కట్టినాడు. శోధనముచే అగ్ని మందగించిన రోగికి మొదట పేయ, పిదప విలేపి, ఆ పిదప అకృతయూషము, కృతయూషము, తుదకు మాంసరసము. శుద్ధి అధికముగా జరిగినవానికి ఒక్కొక్కటి మూడేసి పూటలు, మధ్యమునకు రెండేసి, అల్పమునకు ఒక్కొక్క పూట. మెతుకు లేని గంజితేట మండము. అందు కొన్ని మెతుకులు తేలినచో పేయ. మెతుకులు మెండై ద్రవము తగ్గినచో విలేపి. ఇక యూషమనగా పప్పుధాన్యములను ఉడికించి తీసిన రసము. నేయి, ఉప్పు, కటుద్రవ్యములు చేర్చనిది అకృతము, చేర్చినది కృతము. ఈ సంస్కృత నామములను తొలగించి చూచిన యెడల మిగులునది మన ఇంటి గంజి, జావ, పోపు వేయని పెసరకట్టు, మిరియములు దంచి పోపు పెట్టిన కట్టుచారు. జ్వరము విడిచినవానికి పథ్యము పెట్టునాడు పాత బియ్యపు మెత్తని అన్నము, మిరియాల చారు, బీరకాయయో పొట్లకాయయో వడ్డించు తల్లి చరకుని పేరు వినియుండకపోవచ్చును. ఆమె చేయి మాత్రము ఆ నిచ్చెన మెట్ల క్రమము తప్పదు.

చారునకును ఒక చరిత్ర కలదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంట అతిథులకు ఋతువును బట్టి పెట్టిన భోజనములను వర్ణించుచు, వేసవి విందులో చారులను, పలుచని అంబలిని చేర్చినాడు. చక్రవర్తి వ్రాసిన కావ్యములో అంబలికి చోటు దొరకుట చిన్న విషయము కాదు. ఆ నాటి చారులో టమాటా లేదు. మిరపకాయ పోర్చుగీసుల ఓడలతో పడమటి తీరమునకు అప్పుడప్పుడే వచ్చుచున్నది. కావున తెలుగువాని నాలుకకు తెలిసిన తొలి కారము మిరియముది. క్రొత్తగా వచ్చిన కాయకు కూడ మనవారు మిరియమును తలపించు పేరే పెట్టుకొనిరి. చెన్నపట్టణమున కాపురముండిన ఆంగ్లేయులు అరవల ‘మిళగుతణ్ణీర్’ను, అనగా మిరియపు నీళ్లను, తమ బల్లలపైకి ఎక్కించి, మాంసమును చేర్చి, ‘ముల్లిగటానీ’ అని పేరు మార్చి సీమకు కొనిపోయిరి. రోగికి పెట్టు పథ్యము వారి విందుభోజనమునకు నాందియైనది.

గంజిని గురించి వ్రాయునపుడు మరియొక జ్ఞాపకమును దాటిపోవుట న్యాయము కాదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన ధాత కరువులో, సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఆ కొలతతో శ్రమించు మనుష్యుడు బ్రతుకజాలడని గట్టిగా వాదించెను. 1952లో రాయలసీమ క్షామమునందు గంజికేంద్రముల యెదుట జనులు వరుసలు తీరి నిలిచిరి. అన్నముండి మానుట వ్రతము. అన్నము లేక మాడుట ఘోరము. ఈ రెండింటిని ఒక్క త్రాసున తూచి, పేదవాని పస్తును ఆరోగ్యసూత్రముగా పొగడువారి మాటను నేను అంగీకరింపజాలను.

ప్రకృతి చికిత్సకుల పుణ్యమున ఉపవాసము తిరిగి చదువుకొనినవారి చర్చలలోనికి వచ్చినది. జర్మను దేశీయుడగు లూయీ కూనే గ్రంథము 1894లోనే తెలుగున వెలసినది. హిందీ, ఉర్దూ అనువాదములు ఆ తరువాతివి. ఇటీవల, కణములు తమ శిథిల భాగములను తామే జీర్ణించుకొను విధానమును పరిశోధించిన జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ బహుమతి లభింపగా, ఉపవాసప్రియులు దానిని తమ జయముగా చాటిరి. ఆయన ఆ రహస్యమును ఛేదించినది ఈస్టు కణములలో. దాని బలముతో మనుష్యులకు పస్తులు విధించుట తొందరపాటు.

గడచిన సంవత్సరము మా ఇంట ఒకరికి దీర్ఘవ్యాధి సంప్రాప్తమై, నెలల తరబడి ఆసుపత్రి వరండాలో రాత్రులు గడపవలసివచ్చినది. వేళ తప్పిన తిండి, నిద్రలేమి, దిగులు కలసి నా దేహము బరువెక్కినది. వెనుకటి ఒక్కపొద్దు అలవాటునకు మరలుదమని, మొదట మధ్యాహ్నభోజనము తప్ప మరేమియు ముట్టక గడపితిని. నాలుగు దినములలో తల తిరుగుట, గుండెదడ, ఉన్న కొంచెపు నిద్రయు పోవుట సంభవించినవి. అప్పుడు చరకసంహితను తిరిగి తెరచితిని. చింత, శోకము, భయము, క్రోధము, నిద్రలేమి ఉన్న వేళ, మితముగా తిన్న పథ్యాన్నము సైతము జీర్ణము కాదని విమానస్థానమున ఉన్నది. జ్వరచికిత్సలో, జ్వరమునకు ఆదిని లంఘనమే విధియని చెప్పిన ఆ నోటనే, క్షయము వలన, వాతము వలన, భయ క్రోధ కామ శోక శ్రమల వలన పుట్టిన జ్వరములకు మాత్రము అది కూడదని ఉన్నది. సుశ్రుతుడును మనస్సున పుట్టిన జ్వరమునకు లంఘనము నిషేధించి, గర్భిణులను, బాలురను, వృద్ధులను, దుర్బలులను దాని నుండి తప్పించినాడు. దిగులుతో ఉన్నవానికి బరువైన అన్నము అరుగదు, కఠినోపవాసము పనికిరాదు. మధ్య మిగిలిన దారి మా మేనత్త గిన్నెలోనిదే.

నాటి నుండి పగలు ఒక్కపూట అన్నము, ప్రొద్దు గ్రుంకకమునుపు గిన్నెడు కట్టుచారు నాకు నియమమైనవి. పిడికెడు పెసరపప్పు దోరగా వేయించి, మెత్తగా ఉడికించి, తేట వంచి, దంచిన మిరియములు, జీలకర్ర, రవ్వంత ఉప్పు వేసి ఒక పొంగు రానిచ్చినచో చాలును. మధుమేహమునకు మందులు వాడువారు మాత్రము వైద్యుని అడుగనిదే పూట మానరాదు. తక్కినవారికి నా విన్నపమొక్కటే: మనస్సు కలతపడిన నాడు పస్తు పరుండకుడు; వేడివేడిగా గిన్నెడు చారు త్రాగి పరుండుడు.