బెంజి కారా? డీజిలు కారా? – ఒక గుమాస్తా లెక్క

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా మన కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయగల పెద్దలు మన సంఘంలో ఉన్నారు. నేను కాకినాడ కలెక్టరాఫీసులో చాలాకాలం వాహనాల సీటు చూసిన గుమాస్తాను. లాగ్ బుక్కులు సరిచూడడం, ఇండెంట్లు రాయడం, పెట్రోలు, డీజిలు బిల్లులు ట్రెజరీకి పంపడం నా ఉద్యోగం. కనుక నాకు తెలిసిన చరిత్రే రాస్తున్నాను. మన దేశంలో మధ్యతరగతివాడు డీజిలు కారు ఎందుకు కొన్నాడు, ఆ కారు ఎందుకు కనుమరుగైంది అన్నది విషయం. మన పిల్లలు, మనవలు కార్లు కొనే ఇళ్లలో ఈ సంగతి పనికివస్తుందని నా నమ్మకం.

ఇంజను పుట్టుక

డీజిలు అనేది నూనె పేరు కాకముందు ఒక మనిషి ఇంటిపేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1858లో పారిస్‌లో పుట్టాడు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజను చక్కగా పనిచేసి చూపింది. 1913లో ఇంగ్లండుకు ఓడలో వెళుతూ ఆయన మాయమయ్యాడు. ఇంజను మాత్రం ప్రపంచమంతా నిలిచింది.

దాని కిటుకు తేలిక. సైకిలు పంపు గబగబా కొడితే అడుగుభాగం వేడెక్కడం మనకందరికీ అనుభవమే. గాలిని గట్టిగా నొక్కితే వేడి పుడుతుంది. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వతో ఇంధనం అంటుకుంటుంది. డీజిలు ఇంజనులో ప్లగ్గు ఉండదు. నొక్కిన గాలి వేడికే డీజిలు భగ్గుమంటుంది. అంత గట్టిగా నొక్కడం వల్ల అదే లీటరుతో బండి ఎక్కువ దూరం పోతుంది. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికి ఇంజను దిట్టంగా, బరువుగా ఉండాలి. కనుక ఖరీదూ ఎక్కువే. కొనేటప్పుడు ఎక్కువ, నడిపేటప్పుడు తక్కువ. డీజిలు కారు కథంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

ఇక్కడొక వింత ఉంది. డీజిలు కార్లను వరుసగా తయారుచేసి అమ్మిన మొదటి కంపెనీల్లో ముఖ్యమైనది బెంజి కంపెనీయే. 1936లో వచ్చిన ఆ కారు పేరు 260 డి. జర్మనీలో దాన్ని ఇష్టంగా కొన్నవారిలో టాక్సీవాళ్లు ఎక్కువ. అంటే బెంజి కారు కూడా ఒకప్పుడు మైలేజి లెక్క చూసుకునేవాడి కోసమే డీజిలు తాగింది.

మన దేశంలో

మన చిన్నతనంలో కారంటే అంబాసిడరు, లేకపోతే ఫియట్. రెండూ పెట్రోలు బండ్లే. 1973లో అరబ్బు దేశాలు చమురు ధర పెంచాక పెట్రోలు బంకు వైపు చూడడానికే జనం భయపడ్డారు. టాక్సీవాళ్లు కొందరు మెకానిక్కుల చేత పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించుకున్నారు. 1980 ప్రాంతంలో కంపెనీయే డీజిలు అంబాసిడరు తెచ్చింది. 1489 సి.సి. ఇంజను. చప్పుడు రైసుమిల్లును తలపించేది. పొద్దున్నే స్టార్టు చేస్తే వీధంతా లేచేది. అయినా పెళ్లివారు, టాక్సీవాళ్లు దాన్నే నమ్ముకున్నారు.

1991 తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. 1995లో పుణె దగ్గర బెంజి కార్లు బిగించడం మొదలుపెట్టారు. వాటిలో డీజిలు బండి కూడా ఉంది. 1998 చివర టాటావారి ఇండికా వచ్చింది. డీజిలు చిన్న కారు మామూలు కుటుంబం అందుకోగలిగినది అప్పుడే. 2002లో దానికే డిక్కీ తగిలించి ఇండిగో తెచ్చారు. 2008లో మారుతివారి డిజైరు వచ్చింది. అందులోని 1.3 లీటర్ల డీజిలు ఇంజను ఇటలీ ఫియట్ కంపెనీ రూపకల్పన. పాత డీజిలు బండ్ల పొగ, చప్పుడు ఇందులో బాగా తగ్గాయి.

పన్నుల కథ కూడా చెప్పాలి. 2006 బడ్జెట్టులో నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకు ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. పెట్రోలుకైతే 1200 సి.సి., డీజిలుకైతే 1500 సి.సి. దాటకూడదని షరతు. ఆ రాయితీ కోసం కంపెనీలు కార్ల వెనకభాగం కురచ చేశాయి. 2012లో డిజైరు డిక్కీ కూడా అలాగే కురచైంది. దర్జీ గుడ్డను బట్టి చొక్కా కుట్టినట్టు, కంపెనీలు జి.వో.ను బట్టి కారు కుడతాయి.

డీజిలు ఎందుకు చవక?

డీజిలు చవకగా దొరకడం ప్రకృతి ఇచ్చిన వరమేమీ కాదు. ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం అది. లారీ, ఆర్టీసీ బస్సు, ట్రాక్టరు, పొలంలో ఆయిలింజను – అన్నీ డీజిలుతోనే నడిచేవి. డీజిలు ధర పెరిగితే బియ్యం ధర, కూరగాయల ధర, బస్సు చార్జీ పెరుగుతాయి. పెట్రోలు కార్లవారిది, స్కూటర్లవారిది అన్న లెక్క. కనుక పెట్రోలు మీద పన్ను ఎక్కువ, డీజిలు మీద తక్కువ. రైతును, ప్రయాణికుణ్ణి దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు అది.

2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ తీసేశారు. డీజిలుకు ఉంచారు. దాంతో రెండింటి మధ్య తేడా బావిలా లోతైంది. 2012 మే నెలాఖరున ఢిల్లీలో పెట్రోలు లీటరు రూ. 73.18, డీజిలు రూ. 40.91. తేడా 32 రూపాయలు! పాతిక లక్షల కారు కొన్నవాడూ రైతు కోసం పెట్టిన ధరకే డీజిలు పోయించుకున్నాడు. ఇది అన్యాయమని అప్పట్లో చాలామంది అన్నారు. 2010లో కిరీట్ పారిఖ్ కమిటీ డీజిలు కార్లపై 80 వేల రూపాయల అదనపు సుంకం వేయాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఫైలులోనే ఉండిపోయింది. ఫైళ్ల సంగతి మనకు కొత్త కాదు.

మా ఇంటి నోట్ ఫైలు

సరిగ్గా ఆ 2012లోనే మా ఇంట్లో కారు ప్రస్తావన వచ్చింది. నేను రిటైరై నాలుగేళ్లయింది. మా అబ్బాయి, కోడలు హైదరాబాదులో ఉద్యోగాలు. మావాడి తోటివారు జర్మను కార్లు కొంటున్న రోజులు. "నాన్నా, అమ్మని బెంజి కారులో అన్నవరం తీసుకెళ్తాను. బ్యాంకువాళ్లు లోను ఇస్తామంటున్నారు" అన్నాడు. వాడి ప్రేమను కాదనలేదు. "ఒరే, ముందు నోట్ పెడతాను, చూసి ఆర్డరు వెయ్యి" అన్నాను.

కాగితం మధ్యలో గీత గీసి రాశాను. పెద్ద కారుకు ఏడేళ్ల పాటు వాయిదా నెలకు ముప్పై వేలు పైచిలుకు. అప్పటి నా పింఛనుకు అది రెండింతలు. డీజిలు డిజైరుకు కొంత ముందు కడితే ఐదేళ్ల పాటు పదకొండు వేలు. పెద్ద కారుకు ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు ఏటా వేరే.

ఆ తర్వాత రెండో లెక్క – పెట్రోలా, డీజిలా? డీజిలు బండి లక్ష రూపాయలు ఎక్కువ అనుకున్నాను. పెట్రోలు బండి లీటరుకు 14 కిలోమీటర్లు, డీజిలు బండి 18 కిలోమీటర్లు వేసుకున్నాను. లాగ్ బుక్కులు చూసిన అలవాటు కొద్దీ కంపెనీ చెప్పే మైలేజి నేను నమ్మను. మావాడు నెలకు 1500 కిలోమీటర్లు తిరుగుతాడు. పైన చెప్పిన ధరల ప్రకారం పెట్రోలుకు రూ. 7,841, డీజిలుకు రూ. 3,409. నెలకు రూ. 4,432 మిగులు. 23 నెలల్లో ఆ లక్ష తిరిగి వస్తుంది.

మావాడు కాగితం రెండుసార్లు చదివాడు. కోడలు నవ్వుతూ, "మావయ్యగారు ఆడిట్ అభ్యంతరం పెట్టారండీ, ఇక బిల్లు పాసవదు" అంది. డిజైరు కొన్నాం. అన్నవరం అందులోనే వెళ్లాం. సత్యనారాయణస్వామి కారు కంపెనీ అడగలేదు.

2015లో మా ఆవిడకు గుండె ఆపరేషన్ అవసరమైంది. మెడికల్ బిల్లుల వ్యవహారం మీకు తెలియంది కాదు. ముందు మనం కట్టాలి, డబ్బు తర్వాత రావాలి. పెద్ద కారు వాయిదాల కింద పోవలసిన సొమ్ము ఆ రోజు మావాడి ఖాతాలో ఉంది. ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా ఆపరేషన్ జరిగింది. ఆస్పత్రి నుంచి ఆమెను ఇంటికి తెచ్చింది ఆ డిజైరే. 2024లో దాన్ని అమ్మేనాటికి లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది.

లెక్క తిరగబడింది

ఇక్కడితో ఆపితే వ్యాసం సగమే అవుతుంది. అదే లెక్కతో ఇవాళ ఎవరైనా డీజిలు కారు కొంటానంటే నేను తొందరపడవద్దంటాను. కారణాలు మూడు.

మొదటిది ధర. 2013 జనవరి నుంచి డీజిలు ధర నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుతూ వచ్చారు. 2014 అక్టోబరులో నియంత్రణ పూర్తిగా తీసేశారు. 2020 జూన్ 24న ఢిల్లీలో పెట్రోలు రూ. 79.76, డీజిలు రూ. 79.88. డీజిలు పెట్రోలును దాటిపోయింది! ఆ ధరలతో పాత లెక్కే మళ్లీ వేస్తే, నెలకు 1500 కిలోమీటర్లు తిరిగేవాడికి లక్ష తిరిగి రావడానికి 53 నెలలు పడుతుంది. గుడికి, బ్యాంకుకు, చుట్టాల ఇంటికి కలిపి 500 కిలోమీటర్లు తిరిగే మనబోటివారికి 159 నెలలు, అంటే 13 ఏళ్లు దాటుతుంది. ఈలోగా కారు తుక్కవుతుంది.

రెండవది పొగ. 2012 జూన్‌లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ డీజిలు పొగ కాన్సరు కారకమని తేల్చింది. 2015 సెప్టెంబరులో జర్మనీ వోక్స్‌వాగన్ కంపెనీ పరీక్షల్లో పొగ తక్కువ చూపే సాఫ్ట్‌వేరు పెట్టినట్టు అమెరికాలో బయటపడింది. డీజిలు మీద ప్రపంచానికి ఉన్న నమ్మకం చెదిరింది. మన దేశంలో 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగరాదన్నది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దానిపై 2025లోనూ కోర్టులో వాదనలు నడిచాయి.

మూడవది కొత్త ప్రమాణాలు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.6 అమలైంది. డీజిలు పొగను ఆ మేరకు శుభ్రపరచే సామగ్రి ఖరీదైనది. పెద్ద కారులో ఆ ఖర్చు కలిసిపోతుంది, చిన్న కారుకు మోయలేని బరువు. అదే రోజు నుంచి మారుతివారు డీజిలు కార్లు మానేశారు. 2023లో హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా కార్లలో కూడా డీజిలు ఆగిపోయింది. లెక్క చూసుకుని మధ్యతరగతివాడు కొన్న డీజిలు సెడాన్ పోయింది, కొన్ని బండ్లలో మాత్రం డీజిలు మిగిలింది.

నేను చెప్పదలచినది

2012లో మేము వేసిన లెక్క ఆనాటి ధరలకు సరైన లెక్క. అయితే దానికి పునాది ఇంజను గొప్పతనం ఒక్కటే కాదు, ప్రభుత్వం పెట్టిన 32 రూపాయల తేడా కూడా. ఆ తేడా పోగానే ఆ కారు కూడా పోయింది. రేపు కరెంటు కారు కొనేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రాయితీని నమ్ముకుని వేసే లెక్కకు కాలపరిమితి ఉంటుంది. అది ఎన్నాళ్లు ఉంటుందో, పెట్టిన డబ్బు అంతలోగా తిరిగి వస్తుందో లేదో చూసుకుని కొనాలి.

ఇంధనం ఏదైనా కావచ్చు, రెండో సంగతి మాత్రం మారదు. కారు వాయిదా కట్టాక ఇంట్లో ఆపదకు డబ్బు మిగలాలి. మిగలని కారు ఎంత గొప్పదైనా మనకు పెద్దదే. ఇళ్లలో కారు మాట వచ్చినప్పుడు పెద్దలు పిల్లల్ని కోప్పడవద్దు, మురిసి ఊరుకోవద్దు. ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ముప్పై ఏళ్లు సర్కారు ఖర్చులకు లెక్కలు రాసిన చేతులు మనవి. మన ఇంటి లెక్క రాయడానికి మనకంటే అర్హులెవరు?