తేదీని చదువుట

ఈ 2026 మార్చి 19న మనకు పరాభవ నామ సంవత్సరాది. అదే రోజున మన మరాఠీ పొరుగువారికి గుఢీ పాడ్వా. ఇరువురి నెలలును అమావాస్యతో ముగియును గనుక పండుగ ఒక్కటిగా వచ్చుచున్నది. ఉత్తరాదివారి నెల పూర్ణిమతో ముగియును. మన ఫాల్గుణ బహుళము వారికి అప్పుడే చైత్ర బహుళము. తిథి ఒక్కటే, పేరు వేరు. వ్రాసినవాడు ఏ లెక్కవాడో తెలియనిదే తేదీ చదువరాదు.

మా విడీ ఘర్కుల్‌లో మగ్గము మీద వయసు గడిపిన వృద్ధులను పుట్టిన యేడు అడిగినచో "వికృతి" అని చెప్పువారు ఇంకను గలరు. వికృతి 1950లో వచ్చినది, మరల 2010లో వచ్చినది. తాత ఎదుట కూర్చున్నాడు గనుక ఏ వికృతియో తెలియుచున్నది. కాగితము మీద ఆ పేరొక్కటే ఉన్నచో ఎవరు చెప్పగలరు? కంప్యూటర్లవారు సంవత్సరమును రెండంకెలతో దాచిపెట్టి, 2000వ సంవత్సరము దగ్గరకు వచ్చుసరికి ప్రపంచమంతట పడిన హైరానా ఈ జాతిదే. వారి చక్రము నూరేండ్లది, మనది అరువది.

ఇక ఫసలీ సంగతి. మనవారిలో చాలమంది పెద్దలు పాలమూరు, నల్లగొండ, కరీంనగరు, వరంగల్లు ప్రాంతముల నుండి, అనగా నిజాము రాజ్యము నుండి వచ్చినవారు. ఏ ఇంటి పెట్టెలోనైన పాత భూమి కాగితము దొరికినచో దాని మీద ఫసలీ సంవత్సరము ఉండును. ఆజర్, దై, బహ్మన్ అను పారసీ నెలలు ఉండును. హైదరాబాదు ఫసలీ అక్టోబరు 6న మొదలయ్యెడిది. 1355 ఫసలీ అనగా 1945 అక్టోబరు నుండి 1946 అక్టోబరు వరకు. ఆ 1355నే హిజ్రీ అనుకొని చదివినచో 1936లో పడుదుము. తొమ్మిదేండ్ల తేడా! పొలము ఎవరిదో తేలవలసిన చోట ఇది చిన్న మాట కాదు. పోనీ ఫసలీ అంతట ఒకటేనా అంటే కాదు. మద్రాసు రాజధానిలో అది జులై 1న మొదలు. కాబట్టి 1945 ఆగస్టు నెల గుంటూరులో 1355, నల్లగొండలో ఇంకను 1354. కృష్ణ దాటిన యేడు మారుచుండెను.

శక సంవత్సరమునకు కూడ ఇట్టి చిక్కున్నది. మేఘనాథ సాహా గారి అధ్యక్షతన 1952లో ఏర్పడిన సంఘము సలహాతో, 1957 మార్చి 22 నుండి ప్రభుత్వము జాతీయ పంచాంగమును అమలులోనికి తెచ్చినది. ఈ యేడు మనకు 1948 శకము మార్చి 19న వచ్చినది, ప్రభుత్వ లెక్కలో 22న వచ్చును. నడుమ మూడు రోజులు పంచాంగమునకు 1948, ప్రభుత్వమునకు 1947.

గడియారము మాటకు వచ్చిన, రైలు మన షోలాపూరునకు 1860లో వచ్చినది. అప్పుడు ఊరూర సూర్యుని బట్టి సమయము. తరువాత రైళ్ళన్నిటికి మద్రాసు సమయము పెట్టినారు. అది మన ఊరి సూర్యునికంటె సుమారు 17 నిమిషములు ముందు. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక సమయము వచ్చినది. దానితో ముందు 26 నిమిషములైనది. బొంబాయి పట్టణము మాత్రము 1955 వరకు తన సమయమును విడువలేదు. అనగా అర్ధశతాబ్ది పాటు బొంబాయిలో "పది గంటలు" అన్నచో ఏ పది అని అడుగవలసి వచ్చెడిది.

రైల్వేలో మా వాడుక 24 గంటలది. 20వ తేదీ 0-10 బండి అనగా 19వ తేదీ రాత్రి భోజనము చేసి స్టేషనుకు రావలెను. పంచాంగములో సూర్యోదయము వరకు పాత రోజే గనుక, మన పెద్దవారు 20 రాత్రి మూటలతో దిగుదురు. వారి లెక్క తప్పు కాదు. టిక్కెట్టు లెక్క వేరు, అంతే.

ఇప్పుడు మన పిల్లలు పూణే, హైదరాబాదు, అమెరికాలలో వెబ్ ప్రోగ్రాములు వ్రాయుచున్నారు. పాత చిక్కులన్నియు అచ్చట మరల పుట్టినవి. 03-04-2026 మనకు ఏప్రిల్ 3, అమెరికా వారికి మార్చి 4. చాల యంత్రములు అమెరికా తీరున చదువును. తమాషా ఏమనగా 13వ తేదీ మొదలుకొని "ఇది తేదీ కాదు" అని తిప్పికొట్టును, 12 లోపల నోరు మెదపక తప్పు చదివి ఊరకుండును. అందుకే 1988లో ఐఎస్ఓ 8601 అను ప్రమాణము వచ్చినది: 2026-03-19, ముందు యేడు, పిదప నెల, పిదప రోజు. సమయముతో వ్రాసినచో చివర +05:30 తగిలించవలెను.

ఇందులోను ఒక గోతి కలదు. జావాస్క్రిప్ట్ అను భాషలో ఉత్త 2026-03-19 అని ఇచ్చినచో దానిని గ్రీనిచ్ అర్ధరాత్రిగా చదువును. షోలాపూరులో అది ఉదయము 5-30, తేదీ 19గానే కనబడును. న్యూయార్కులో 18 అని చూపును. తిరుగు దారి మనకే నష్టము. మన అర్ధరాత్రిని గ్రీనిచ్ లెక్కకు మార్చి దాచినచో ముందురోజు సాయంత్రము 6-30 అగును. తేదీ మాత్రము కత్తిరించి ఉంచినచో ఒక రోజు వెనుకకు పోవును. బీడీలు చుట్టి బ్రతికిన అక్కచెల్లెండ్రకు 58 ఏండ్లకు పింఛను రావలెనన్న భవిష్య నిధి పుస్తకములోను ఆధారులోను పుట్టిన తేదీ కలియవలెను. ఒక్కరోజు తేడా ఉన్నను దిద్దుబాటుకు తిరుగవలెను, తిరిగిన రోజు కూలి పోవును.

అందుచేత ప్రోగ్రాము వ్రాయు పిల్లలకు ఒక మనవి. పుట్టిన తేదీకి గంట లేదు, దేశము లేదు. దానిని గ్రీనిచ్‌కు పంపక యేడు, నెల, రోజు అను మూడంకెలుగానే దాచుడు. ఫారములో నెలను అంకెతో గాక పేరుతో ఎన్నుకొననిండు. పెట్టెలో పాత కాగితము ఉన్నవారు, చదువగల తాతలు ఉండగానే, అది ఏ ఫసలీయో, ఏ జిల్లాదో అడిగి వెనుక పెన్సిలుతో వ్రాయించుకొనుడు.