హక్-ఎ-ఈజాద్: అక్షరాలు పోసిన భిసే, పేటెంట్ లేని మా మామూ

మా బడే మామూ కాతిబ్. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో ఒక ఇరుకు దుకాణంలో కూర్చుని జిందగీ అంతా ఉర్దూ రాశాడు. షాదీ రుక్కాలు, జల్సా ఇష్తెహార్లు, కితాబులు, కొన్నేళ్లు ఒక అఖ్బార్. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్న పాఠ్యపుస్తకాల్లో అక్షరాలు అచ్చువి కావనీ, ఎవరో ఒక కాతిబ్ సాబ్ చేత్తో రాసినవనీ ఆయన చెప్తేనే నాకు తెలిసింది. "నూన్ గిన్నె చూపించు బేటా, రాసిందెవరో చెప్తా" అనేవాడు. చెప్పేవాడు కూడా.

తర్వాత నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. కాలేజీ పత్రిక పని మీద ఒక చిన్న ప్రెస్సుకు వెళ్లినప్పుడు కంపోజిటర్ ఒకాయన చెక్క కేసుల్లోంచి సీసపు అక్షరాలు ఏరి వరస పేరుస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. ఒత్తు ఒక గడిలో, గుడి దీర్ఘం ఇంకో గడిలో. ఒకే ఊళ్లో రెండు జుబాన్లు, రెండు దునియాలు. తెలుగు అక్షరం సీసంలో పుడుతుంది, ఉర్దూ అక్షరం కలంలో పుడుతుంది. ఎందుకిలా? ఈ సవాల్ నన్ను వందేళ్ల కిందటి పేటెంట్ల దాకా తీసుకెళ్లింది. అక్కడ ఒక బొంబాయి మనిషి దొరికాడు. ఆయన పేరు శంకర్ ఆబాజీ భిసే.

భిసే దాస్తాన్ చెప్పే ముందు అక్షరం ఎలా తయారవుతుందో చెప్పాలి. ఉక్కు కడ్డీ కొస మీద అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. దాన్ని రాగి ముక్క మీద కొడితే అక్షరం గుంట పడుతుంది. ఆ గుంటను అచ్చులో బిగించి కరిగిన లోహం పోస్తే అక్షరం బయటికొస్తుంది. లోహంలో ఎక్కువ పాలు సీసం. దానికి తగరం, యాంటిమొనీ కలుపుతారు. ఉత్త సీసం మెత్తన, పైగా చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. యాంటిమొనీ దానికి గట్టిదనం ఇస్తుంది, కుంచించుకోవడాన్ని తగ్గిస్తుంది. ఈ యాంటిమొనీ మనకు కొత్తది కాదు. పాతకాలం అసలు సుర్మా రాయి దాని ఖనిజమే. (ఇప్పుడు బజార్లో సుర్మా పేరుతో అమ్మేది చాలావరకు సీసం ఖనిజం, పిల్లల కళ్లకు పెట్టకండి.) అమ్మీజాన్‌ల కళ్లలో ఉన్న చీజ్ ప్రెస్సు అక్షరంలోనూ ఉందని తెలిసినప్పుడు నాకు వింత సంతోషం కలిగింది.

నాలుగు వందల ఏళ్లపాటు ఈ పోత పోసే పని, పేర్చే పని రెండూ చేత్తోనే నడిచాయి. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో రెండు మిషన్లు వచ్చాయి. మొదటిది లైనోటైప్. జర్మనీ నుంచి వలస వెళ్లిన ఒట్మర్ మెర్గెంథాలర్ తయారు చేశాడు. ఈయన అసలు నేర్చుకున్న హునర్ గడియారాల పని. 1886 జూలైలో న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రిక దాన్ని మొదట వాడింది. మీట నొక్కితే ఇత్తడి అచ్చు జారి వరసలో పడుతుంది. వరస నిండగానే దాని మీద కరిగిన లోహం పడి ఒక పంక్తి మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. ఆ తర్వాత ఇత్తడి అచ్చులు వాటి పళ్ల అమరికను బట్టి ఏ గదిలోవి ఆ గదిలోకి తిరిగి వెళ్లిపోతాయి. రెండోది మోనోటైప్. టోల్బర్ట్ లాన్‌స్టన్‌ది, మొదటి పేటెంట్లు 1887లో. ఇందులో మీటలు నొక్కితే కాగితం పట్టీ మీద చిల్లులు పడతాయి. ఆ పట్టీని ఇంకో మిషన్‌కు ఇస్తే చిల్లుల్లోంచి పోయే గాలి ఏ అక్షరం పోయాలో దానికి చెప్తుంది. అక్షరాలు ఒక్కొక్కటిగా, నిమిషానికి సుమారు 150 వస్తాయి.

ఇక భిసే. 1867లో బొంబాయిలో ఒక మరాఠీ కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పటి నుంచి యంత్రాల పిచ్చి. పచారీ దుకాణంలో సరుకు తూచి ఇచ్చే యంత్రం ఒకటి రూపొందించి, ఇంగ్లండ్ పత్రిక పెట్టిన పోటీలో ఇనామ్ గెలిచాడు. ఆ ధైర్యంతో లండన్ వెళ్లాడు. అక్కడ ఆయన వెనక నిలబడిన పెద్దమనిషి దాదాభాయ్ నౌరోజీ. 1892లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన ఆ నౌరోజీయే. హిందుస్తాన్ సొమ్ము ఇంగ్లండ్‌కు ఎలా పారిపోతోందో లెక్కలు కట్టి చూపిన పార్సీ బుజుర్గ్. ఒక పక్క రాజకీయం చేస్తూనే ఒక హిందుస్తానీ యువకుడి మిషన్ మీద తన డబ్బు పెట్టాడు. బ్రిటిష్ సోషలిస్టు హిండ్‌మన్ కూడా మదద్ చేశాడు.

ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో భిసే పట్టుకున్న మస్లా అక్షరాల పోత. వినడానికి చిన్న పనే, కానీ వేగం పెంచాలంటే రెండు అడ్డంకులు. లోహం అచ్చులో గట్టిపడక ముందే బయటికి తోస్తే అక్షరం వంకరపోతుంది. లోపల గాలి చిక్కుకుంటే బుడగ పడుతుంది, ప్రెస్సు ఒత్తిడికి అక్షరం చితికిపోతుంది. భిసే మిషన్ పేరు భిసోటైప్. రకరకాల అక్షరాలను నిమిషానికి 1,200 దాకా పోస్తుందని దానికి పేరొచ్చింది. మోనోటైప్ కంటే ఎనిమిదింతలు. లండన్‌లో పేరుమోసిన కాస్లన్ అక్షరశాల వాళ్లు ఇది కాని పని అంటే, 1908లో చేసి చూపించాడని ఆయన జీవితచరిత్రలు చెప్తాయి.

మరి భిసోటైప్ పేరు మనం ఎందుకు వినలేదు? నాకు అర్థమైనంతలో జవాబు పైసా. మిషన్ కాగితం మీద గీయడం వేరు, ఒకటి తయారు చేసి చూపించడం వేరు, వందలు తయారు చేసి అమ్మి, చెడిపోతే బాగుచేసే మనుషుల్ని ఊరూరా పెట్టడం వేరు. మొదటిదానికి దిమాగ్ చాలు. మూడోదానికి పెట్టుబడి కావాలి. లైనోటైప్, మోనోటైప్ కంపెనీల దగ్గర అది ఉంది. భిసే దగ్గర నౌరోజీ ఉన్నాడు, కానీ నౌరోజీ బ్యాంకు కాదు. డబ్బు అయిపోయింది. గోపాలకృష్ణ గోఖలే చొరవతో జంషెడ్జీ టాటా కొడుకు రతన్‌జీ టాటా ముందుకొచ్చాడు. 1910లో లండన్‌లో టాటా-భిసే ఇన్వెన్షన్ సిండికేట్ ఏర్పడింది. నాలుగేళ్లకే పెద్ద జంగ్ మొదలైంది. భిసే 1916లో న్యూయార్క్ చేరాడు. రతన్‌జీ 1918లో పోయాడు. అమెరికాలోనూ భిసే అక్షరాల మిషన్లు చేస్తూనే ఉన్నాడు, సొంత కంపెనీ పెట్టాడు, అయొడిన్‌తో ఒక దవా కూడా తయారు చేశాడు. ఆయన ఈజాద్‌లు దాదాపు 200, పేటెంట్లు 40 దాకా అంటారు. 'హిందుస్తాన్ ఎడిసన్' అని పేరు పెట్టారు. 1935 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోనే కన్నుమూశాడు. ఎడిసన్ పేరు బడి పిల్లలకు తెలుసు, భిసే పేరు పత్రికల్లో ఇన్నేళ్లు పని చేసిన నాకే ఆలస్యంగా తెలిసింది.

ఇక్కడ పేటెంట్ అంటే ఏమిటో ఒక మాట. ఉర్దూలో దాన్ని హక్-ఎ-ఈజాద్ అంటారు. హక్ తెలుగులోకి వచ్చి హక్కు అయింది కాబట్టి వివరించక్కర్లేదు. ఇది ఒక రకం ఇజారా. తెలంగాణలో ఊళ్లను, చెరువులను ఇజారాకు ఇచ్చినట్టే, ఒక ఆలోచనను కొన్నేళ్లు ఇజారాకు ఇస్తారు. కానీ షరతు ఉంది. నువ్వు కనిపెట్టింది ఎలా పని చేస్తుందో బొమ్మలతో సహా అందరికీ తెలిసేలా రాసివ్వాలి. అసలు ఆ ఇంగ్లిష్ మాటకే లాటిన్‌లో తెరిచి ఉంచింది అని అర్థం. ముద్దత్ అయిపోయాక ఎవరైనా వాడుకోవచ్చు.

హిందుస్తాన్‌లో ఈ కానూన్ 1856లో వచ్చింది. ఆ సంవత్సరం కలకత్తాలో డి పెన్నింగ్ అనే ఆయన మొదటి హక్కు తీసుకున్నాడు. దేనికనుకున్నారు? పంఖా లాగే మిషన్‌కు! దొరల నెత్తి మీద పంఖా లాగే గరీబు మనిషి చేతి పనే ఈ దేశంలో మొదటి పేటెంట్ విషయం. రాణి మంజూరు లేకుండా చేశారని ఆ కానూన్‌ను మరుసటి ఏడాదే రద్దు చేసి, 1859లో మళ్లీ తెచ్చారు. 1911లో పేటెంట్లు, డిజైన్ల చట్టం వచ్చింది. 14 ఏళ్ల హక్కు. ఆ చట్టం స్వతంత్రం వచ్చాక కూడా, 1970 చట్టం అమలయ్యేదాకా నడిచింది.

ఇప్పుడు నా మొదటి సవాల్‌కు వస్తాను. ఈ మిషన్లన్నీ రోమన్ లిపిని మనసులో పెట్టుకుని పుట్టాయి. అక్షరాలు తక్కువ, దేనికది విడిగా నిలబడుతుంది. మన లిపులు అలా కాదు. న్యూయార్క్‌లో హరి గోవిల్ అనే హిందుస్తానీ పూనుకుని దేవనాగరిని లైనోటైప్‌కు ఎక్కించేసరికి 1930లు వచ్చాయి. అరబీ అక్షరమైతే పదం మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒకటి, చివర ఒకటి, ఒంటరిగా ఇంకొకటి. లెబనాన్ ప్రాంతం నుంచి వచ్చిన సలీం హద్దాద్ 1899లో అమెరికాలో అరబీ టైప్‌రైటర్ కోసం పేటెంట్ తీసుకున్నాడు. నాలుగు రూపాలను రెండుకు తగ్గించడం ఆయన చేసిన తర్కీబ్. కళ్లు ఆ తేడాకు అలవాటు పడతాయని ఆయన లెక్క.

నస్ఖ్ శైలికి ఈ తర్కీబ్ నడిచింది. ఉర్దూవాళ్లం మనసిచ్చింది నస్తాలీఖ్‌కు. అందులో పదం నేల మీద నడవదు, కుడి నుంచి ఎడమకు మెట్లు దిగినట్టు జారుతుంది. పక్క అక్షరం ఏమిటన్నదాన్ని బట్టి రూపం మారిపోతుంది. సీసపు చదరం ముక్కల్లో ఆ జారుడు ఎలా పట్టాలి? కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఉర్దూ కితాబులు టైపులో వేసింది. సర్ సయ్యద్ టైపు పక్షమే. మౌలానా ఆజాద్ 1912 జూలైలో కలకత్తాలో 'అల్-హిలాల్' మొదలుపెట్టి టైపులోనే వేశాడు. చదివేవాళ్లు ఆజాద్ మాటకు ఫిదా అయ్యారు, టైపుకు మాత్రం కాలేదు. ఉర్దూ రాతి అచ్చు దగ్గరే ఆగిపోయింది. కాతిబ్ జిడ్డు సియాహీతో పూత కాగితం మీద రాస్తే, దాన్ని రాయి మీదికి దింపి అచ్చు వేయడం. తర్వాత ఆఫ్‌సెట్ వచ్చినా కాతిబ్ అక్కడే ఉన్నాడు. 1981లో మిర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తాలీఖ్ తయారు చేశాక, లాహోర్ 'జంగ్' కంప్యూటర్ అక్షరాల్లో వచ్చింది. దానికోసం వేల కొద్దీ అక్షరాల జోడింపులు చేత్తో రాయాల్సి వచ్చింది. అంటే మిషన్ చివరికి కాతిబ్ కలాన్నే అరువు తెచ్చుకుంది.

కొందరు దీన్ని వెనకబాటుతనం అంటారు. నేను ఒప్పుకోను. మిషన్‌కు సరిపోని లిపి తప్పు చేసినట్టు కాదు. అయితే మనవాళ్లు జల్సాల్లో చెప్పే మాట కూడా నాకు సగమే నచ్చుతుంది. అల్-జజరీ 1206లో యంత్రాల కితాబ్ రాశాడు, మనం అప్పుడే అంత చేశాం అంటారు. నిజమే. కానీ జజరీ గొప్పదనం చేయడంలో ఎంత ఉందో రాయడంలో అంత ఉంది. కొలతలతో, బొమ్మలతో రాసి పెట్టాడు కాబట్టే ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఆయన గడియారాలను మళ్లీ కట్టి చూడగలుగుతున్నారు. ఆ అలవాటు మనం వదిలేశాం.

మామూ ఉస్తాద్ దగ్గర రాతి అచ్చు సియాహీకి ఒక నుస్ఖా ఉండేదట. సబ్బు, మైనం, లక్క, దీపం మసి. ఇవి అందరికీ తెలుసు. ఏది ఎంత, ఏది ముందు, ఎంతసేపు కాచాలి అన్నదే రాజ్. ఉస్తాద్ అది తన షాగిర్దుల్లో మామూ ఒక్కడికే చెప్పాడు, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని. నేను జర్నలిస్టునయ్యాక రెండుసార్లు అడిగాను. "సమయం వస్తుంది బేటా" అన్నాడు. సమయం రాలేదు, మౌత్ వచ్చింది. దుకాణంలో మిగిలిన దవాత్‌లో సియాహీ ఎండిపోయి పెంకు కట్టింది. దాన్ని ఇంట్లో పెట్టుకున్నాను. అందులో ఏముందో చదవగల కళ్లు నాకు లేవు.

భిసే ఓడిపోయాడు, దివాలా దాకా వెళ్లాడు. కానీ ఆయన మిషన్లో ఏ చక్రం దేన్ని తిప్పుతుందో ఇవాళ కూడా పేటెంట్ కాగితాల్లో ఎవరైనా చదువుకోవచ్చు. మామూ ఓడిపోలేదు, ఛత్తా బజార్‌లో ఇజ్జత్‌తో బతికాడు. ఆయన ఇల్మ్ మాత్రం ఆయనతో ఖబ్రస్తాన్‌కు వెళ్లింది. ఇజారా చేసే జుల్మ్ నాకు తెలుసు, దవాల ధరలు చూస్తున్నాం కదా. అయినా తెరిచి చెప్పాలన్న ఆ షరతు ముందు మాత్రం తల వంచుతాను.

మీ ఇంట్లో బిద్రీ పనివాడు, జర్దోజీ కారీగర్, అత్తర్ కలిపే తాత, హలీం దేగ్ దగ్గర నిలబడే బావర్చీ ఎవరైనా ఉంటే, ఈ జుమ్మా నమాజ్ తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకుని పక్కన కూర్చోండి. కొలతలతో సహా రాసుకోండి. వద్దంటే మళ్లీ అడగండి. నేను రెండుసార్లు అడిగి ఊరుకున్నాను.