మొక్కలు - రోగకారక సూక్ష్మజీవుల సహపరిణామం

మొక్కల వ్యాధినిరోధక వ్యవస్థ, వాటికి తెగుళ్ళు కలిగించే సూక్ష్మజీవులు ఒకదాని ప్రభావం వల్ల మరొకటి తరతరాలుగా మార్పు చెందడాన్ని సహపరిణామం అంటారు. మొక్కకు కొత్త రక్షణ ఏర్పడితే, దానిని తప్పించుకోగల క్రిములే బతికి వృద్ధి చెందుతాయి. అందువల్ల తెగులును తట్టుకొనే గుణం ఏ వంగడానికీ శాశ్వతం కాదు. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు ఇందుకు చక్కని ఉదాహరణ.

రక్షణ విధానం

జంతువులలో వలె శరీరమంతా తిరిగే రక్షక కణాలు మొక్కలకు లేవు. కణం ఉపరితలంపై ఉండే గ్రాహకాలు సూక్ష్మజీవుల అణువులను గుర్తించి రక్షణ చర్యలను ప్రారంభిస్తాయి. రోగకారక క్రిములు కొన్ని ప్రోటీనులను కణంలోనికి పంపి ఈ చర్యలను అణచివేస్తాయి. ఆ ప్రోటీనులను పసిగట్టే నిరోధక జన్యువులు మొక్కకు రెండవ అంచె రక్షణ. మొక్కలోని నిరోధక జన్యువుకు ప్రతిగా క్రిమిలోనూ ఒక జన్యువు ఉంటుందని అమెరికా శాస్త్రవేత్త హెచ్.హెచ్.ఫ్లోర్ 1940లలో అవిసె పైరుపై చేసిన పరిశోధనలలో తేల్చాడు.

వరిలో ఎండాకు తెగులు

ఈ తెగులుకు కారణం జాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా. ఇది ఆకు అంచులలోని నీటి రంధ్రాల ద్వారా, గాయాల ద్వారా ప్రవేశిస్తుంది. ఆకులు కొన నుండి అంచుల వెంబడి పసుపు రంగుకు మారి ఎండిపోతాయి. గింజ సరిగా పాలుపోసుకోక దిగుబడి తగ్గుతుంది. నత్రజని ఎరువు మితిమీరితే తీవ్రత పెరుగుతుంది. రసాయన మందులతో అదుపు చేయడం కష్టం కనుక నిరోధక వంగడమే రైతుకు ప్రధానమైన ఆధారం.

ఫిలిప్పీన్స్‌లో ఎక్స్ఎ-4 అనే ఒక్క జన్యువు గల వంగడాలను 1970లలో విస్తారంగా సాగు చేయగా, కొంతకాలానికి దానిని అధిగమించే బాక్టీరియా తెగలు ప్రబలాయి.

మెరుగుపరచిన సాంబ మసూరి

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి.-5204) సన్నబియ్యానికి ప్రసిద్ధి. అయితే ఈ తెగులుకు సులభంగా లొంగుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం (ప్రస్తుతం భారతీయ వరి పరిశోధన సంస్థ) కలిసి ఇందులో మూడు నిరోధక జన్యువులను చేర్చాయి. ఈ వంగడం 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. సంకరణం జరిపి, డి.ఎన్.ఎ. గుర్తుల సహాయంతో మొక్కలను ఎంపిక చేశారు.

* ఎక్స్ఎ-21: ఆఫ్రికా అడవి వరి నుండి వచ్చినది. బాక్టీరియా అణువును గుర్తించే గ్రాహకాన్ని తయారుచేస్తుంది.
* ఎక్స్ఎ-13: కణంలోని చక్కెరను వెలికి రప్పించే జన్యువును బాక్టీరియా ప్రేరేపించలేకుండా చేస్తుంది.
* ఎక్స్ఎ-5: బాక్టీరియా వాడుకొనే ఒక వరి ప్రోటీను రూపం ఇందులో మారి ఉంటుంది.

మూడు జన్యువులూ మూడు వేర్వేరు విధాలుగా పనిచేస్తాయి. వాటన్నిటినీ ఒకేసారి దాటడం బాక్టీరియాకు కష్టమే గాని అసాధ్యం కాదు. అందుచేత పొలాలలోని బాక్టీరియా తెగలను గమనిస్తూ, కొత్త నిరోధక జన్యువులను వెదకడం నిరంతరం సాగవలసిన పని. అడవి వరి రకాలను, పాత దేశవాళీ వంగడాలను భద్రపరచవలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడుతున్నది.

ఇవి కూడా చూడండి

* వరి
* బాక్టీరియా
* జీవ పరిణామం