చాపర్ బైక్: పొడుగు ఫోర్కులు వేస్తే ఏమవుతుంది?

ముందు ఫోర్కులు పొడుగ్గా చాచి ఉండే బండిని చాపర్ అంటారు. ఈ మోజు అమెరికాలో పుట్టింది. మన దగ్గర ఎక్కువగా బుల్లెట్‌నే ఇలా మారుస్తారు.

ఫోర్కు గొట్టాలు మాత్రమే పొడుగువి వేస్తే బండి ముందుభాగం పైకి లేస్తుంది. అందుకే ఛాసిస్ మెడను కోసి, కోణం మార్చి వెల్డింగ్ చేస్తారు. బ్రేకు పైపు, కేబుళ్లు కూడా పొడుగువి కావాలి. అలాంటి బండి 44వ జాతీయ రహదారి మీద తిన్నగా పోతుంది గానీ, అనంతపురం గల్లీ మలుపుల్లో హ్యాండిల్ బరువెక్కి పక్కకు ఒరుగుతుంది. వెల్డింగ్ విడితే ప్రాణానికే ముప్పు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను ఒప్పుకోదు. 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పిల్లలు ముచ్చటపడితే ఇంట్లోవాళ్లు ఈ సంగతి ముందే చెప్పడం మేలు.