సబ్బాతు బహిరంగోల్లంఘనము

సబ్బాతు బహిరంగోల్లంఘన మనునది, శుక్రవార సూర్యాస్తమయము మొదలు శనివారము రాత్రి నక్షత్రోదయము వఱకు యూదులు పాటింపవలసిన విశ్రాంతి దినమున నిషిద్ధకర్మ నితరుల యెదుట నాచరించుటకు యూద ధర్మశాస్త్రమున గల వ్యవహారము. యూద మౌఖిక ధర్మసంకలనమగు మిష్నా యట్టి కర్మలను 39 మూలవిధములుగా లెక్కించినది.

నిర్గమకాండము 31వ, 35వ అధ్యాయములు దీనికి మరణదండన విధించినవి. సంఖ్యాకాండము 15వ అధ్యాయమున కట్టెలేఱినవాడు రాళ్లతో కొట్టబడి మరణించెను. ఇద్దఱు సాక్షులును ముందస్తు హెచ్చరికయు నుండవలెనని మిష్నాకు వ్యాఖ్యానమగు తాల్ముదు నియమించుటచే నా దండన దుర్లభమై, తుదకు గ్రంథస్థముగా మాత్రమే మిగిలినది.

నిలిచినది సామాజిక ఫలితమే. పదిమంది యూదు లెఱుగునట్లు సబ్బాతును ధిక్కరించినవాడు విగ్రహారాధకునితో సమానుడని తాల్ముదులోని హుల్లీను ప్రకరణము నిర్ణయింపగా, సబ్బాతు దేవునకును ఇశ్రాయేలునకును నడుమ శాశ్వతచిహ్న మగుటయే కారణమని 12వ శతాబ్దమున యూద ధర్మశాస్త్రవేత్త మైమోనిడీసు వివరించెను. అట్టివాడు వధించిన పశుమాంసమును, తాకిన ద్రాక్షారసమును నిషిద్ధము లయ్యెను; వింత యేమనగా, అతని వివాహము మాత్రము చెల్లును.

19వ శతాబ్దమున జర్మనీలో ప్రార్థనానంతరము దుకాణము తెఱచు యూదులు పెరుగగా, వారు సృష్టికర్తను నిరాకరింపలేదను హేతువుచే, రబ్బీ యాకోబ్ ఎట్లింగరు (1798–1871) కాఠిన్యమును సడలించెను. అన్యులలో పెరిగిన శిశువుతో పోల్చి మన్నించు మార్గమును తాల్ముదు సంప్రదాయమున గలదు.

ఆంధ్రదేశమున గుంటూరు ప్రాంతపు చేబ్రోలు సమీపమందలి కొత్తరెడ్డిపాలెమున, 1980ల చివర యూదత్వమును ప్రకటించుకొన్న బెనే ఎఫ్రాయిం సమాజము సబ్బాతు నాచరించుచున్నది. ఇశ్రాయేలు ప్రధాన రబ్బీల పీఠము వారిని యూదులుగా గుర్తింపలేదు గనుక, ఆ పీఠము దృష్టిలో నీ నియమము మతప్రవేశానంతరమే వారికి వర్తించును.