షమ్సా

ఇస్లామీయ రాతప్రతుల మొదటి పుటల్లోనూ, గుమ్మటాల లోపలి కప్పులోనూ చిత్రించే గుండ్రని అలంకారం షమ్సా. మధ్య బిందువు నుంచి రేకులో, కిరణాలో చుట్టూ విచ్చుకుంటాయి. అరబ్బీలో ‘షమ్స్’ అంటే సూర్యుడు.

తొలినాళ్లలో ఇది పుస్తకానికీ కప్పుకీ చెందిన మాట కాదు. అబ్బాసీ, ఫాతిమీ ఖలీఫాల కాలంలో కాబాకు వేలాడదీయడానికి రత్నాలు పొదిగి చేయించిన రాజచిహ్నాన్ని షమ్సా అనేవారు. రాచరికపు ఆ వాసన తర్వాతి షమ్సాలనూ వదల్లేదు. పారశీక గ్రంథశాలల్లో దీన్ని బంగారు సిరాతో, లాజవర్ద్ నీలంతో తీర్చి, పుస్తకం రాయించుకున్న ప్రభువు పేరును తరచూ నడుమ రాసేవారు. అందమూ యాజమాన్యపు గుర్తూ రెండూ అదే. టర్కీలో తోలు అట్ట మీద అద్దిన కోల పతకాన్ని కూడా ‘షెమ్సే’ అంటారు.

మొగలులకు ఈ సూర్యుడు బాగా అక్కరకొచ్చాడు. రాచరికం దేవుడి నుంచి వచ్చే వెలుగని అక్బర్ కొలువులోని అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో సిద్ధాంతీకరించాడు. ఒక చిత్రసంపుటిలోని, షాజహాన్ బిరుదులున్న, సుమారు 1645 నాటి షమ్సా పుట ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆ పనితనం ముందు అదే చిత్రసంపుటిలోని బొమ్మలు కొన్ని వెలవెలబోతాయనిపిస్తుంది.

ఢిల్లీ వరకు వస్తే, ఈ కళనంతా మొగలు చక్రవర్తి హుమాయూన్ ఇరాన్ నుంచి మోసుకొచ్చాడని చెప్పేయడం తేలిక. పారశీక చిత్రకారులు మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమద్‌లను తన కొలువులోకి రప్పించుకున్న మాట నిజమే. 1555లో ఢిల్లీ తిరిగి గెలిచి, మరుసటి ఏడాది జనవరిలో పురానా ఖిల్లాలోని తన గ్రంథాలయం షేర్ మండల్ మెట్ల మీద పడి మరణించాడు. కానీ హుమాయూన్ సమాధి ఆవరణలోనే ఉన్న ఈసా ఖాన్ సమాధిని చూడండి. 1547-48లో, హుమాయూన్‌ను గద్దె దించిన సూరీ వంశపు పాలనలో కట్టిన ఈ ఎనిమిది పలకల భవనంలో గుమ్మటం కప్పు నడుమ రంగుల పతకం ఉంది. హుమాయూన్ అప్పటికింకా ప్రవాసంలోనే ఉన్నాడు. పుస్తకమూ గుమ్మటమూ ఒకే నమూనాలను పంచుకోవడం, అంటే, అతను తిరిగి రాకముందే ఇక్కడ వాడుక.

అంతకన్నా పాతదిగా, 1530ల నాటిదిగా భావించే సబ్జ్ బుర్జ్ నిజాముద్దీన్ కూడలిలో వాహనాల నడుమ ఉంది. బ్రిటిష్ కాలంలో కొన్నాళ్లు పోలీసు ఠాణాగా వాడిన కట్టడమిది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థతో కలిసి ఆగా ఖాన్ ట్రస్టు చేపట్టి 2021లో ముగించిన పునరుద్ధరణలో, గుమ్మటం లోపలి కప్పు మీది పాత పూతల కింద అసలు బంగారం, లాజవర్ద్ వాడిన చిత్రాలంకారం బయటపడింది. దేశంలో మొగలు కాలపు కట్టడాల కప్పులపై మిగిలిన వర్ణచిత్రాల్లో ఇదే అతి పాతదై ఉండవచ్చని నిపుణుల అభిప్రాయం.